చలనచిత్రవిద్య: తొలినాటి విద్యార్థులు

చలనచిత్రములను గూర్చి ప్రసంగించుట శబ్దమంజరియు అమరకోశమును వల్లించిన యొక పాతకాలపు ఉపాధ్యాయునకు తగునా యని శ్రోతలలో కొందరు శంకింపవచ్చును. తగునని నా మనవి. ఏ విద్యయైనను పుట్టిననాడు చాపల్యముగనే కనబడును. రెండు మూడు తరములు గడచిన పిదప శాస్త్రమగును. నాటకమును ఒకనాడు గృహస్థులు దూరముగ నుంచిరి; నేడది పాఠ్యగ్రంథములలో చేరినది. చలనచిత్రము మన దేశమునకు వచ్చి నూరేండ్లు దాటినది. దానిని మనవారిలో మొదట నేర్చినవారెవరు, ఎచ్చట నేర్చిరి, ఎవరియొద్ద నేర్చిరి, ఆ నేర్పునకు వెల యెవరు చెల్లించిరి? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే నేటి నా ప్రసంగోద్దేశము. తారల చరిత్రము చెప్పువారు పలువురు గలరు. నేను బడిపంతులను గనుక విద్యార్థుల చరిత్రము చెప్పెదను.

విద్య యొకనికి ఎట్లు లభించునో మన పెద్దలు చక్కని లెక్క వేసి చెప్పిరి. పాతిక భాగము గురువు వలన, పాతిక భాగము స్వబుద్ధి వలన, పాతిక భాగము సహపాఠుల వలన, మిగిలిన పాతిక కాలక్రమమున లభించునట. ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుగు చెప్పిన నాకు ఈ లెక్కయందు లోపము కనబడలేదు. అయినను ఇందు ధనము ప్రస్తావన లేదు. గురుకులమున శిష్యుడు గురువునింట తిని, గోవులను కాచి, సమిధలు తెచ్చి చదువుకొనెను గనుక ఆ మాట చెప్పవలసిన పని పెద్దలకు లేకపోయెను. చలనచిత్రవిద్యయందు మాత్రము అయిదవ పాదమొకటి గలదు. అది ఇంటివారు పెట్టిన సొమ్ము. ఆ పాదమును విడిచి ఈ విద్య చరిత్రమును చెప్పుట అసంపూర్ణము.

మా సూళ్లూరుపేట కాళంగి యేటి యొడ్డున, చెన్నపట్టణమునుండి గూడూరునకు పోవు రైలుదారిమీద నున్న యూరు. చిరకాలము నెల్లూరు జిల్లాలో నుండి 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. చెన్నపట్టణము చేరువ గనుక సినిమా యనిన మావారికి ఆ పట్టణమే జ్ఞప్తికి వచ్చును. కాని తెరమీద బొమ్మలాడుట మాత్రము తెలుగువారికి పట్టణము నుండి వచ్చిన వింత కాదు. తోలుబొమ్మలాట మనకు ఎంత ప్రాచీనమో చెప్పుటకు పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమున దాని ప్రస్తావన యుండుటయే చాలును. మేకతోలును పలుచనగునట్లు గీకి, వెలుతురు చొచ్చునట్లు చేసి, రంగులు వేసి, తలయు చేతులు కాళ్లును వేరువేరుగ కత్తిరించి, కీళ్లయొద్ద దారముతో ముడివేసి, వెదురుపుల్లలతో ఆడింతురు. ముందు తెల్లని పంచె, వెనుక దీపము. ధర్మవరము చెంత నిమ్మలకుంటయందు నేటికిని ఈ విద్య తండ్రినుండి కొడుకునకు వచ్చుచున్నది. ఆ యూరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించెను.

1926లో జర్మనీ దేశమున లొట్టె రైనిగర్ అను విదుషీమణి నల్లని కాగితపు బొమ్మలకు కీళ్లు కూర్చి, వెలుతురుబల్లమీద పరచి, రవంత రవంత కదలించుచు ఒక్కొక్క చిత్రము తీసి, అక్మెద్ రాజకుమారుని కథను పూర్తినిడివి చిత్రముగ వెలువరించెను. ఆ బొమ్మలను చూచిన తెలుగువానికి అవి చుట్టముల వలె తోచును. భేదమొక్కటే. మన బొమ్మ ఆడించువాని చేతిలో ఆడి ఆ రాత్రికే ముగియును. ఆమె బొమ్మ ఫిల్ముమీద నిలిచి మరల మరల ఆడును. అట్లు నిలుపు యంత్రరహస్యమును నేర్చుటకే మనవారు దేశము విడువవలసి వచ్చెను.

అట్లు వెడలిన తొలివారిలో ప్రసిద్ధులు దాదాసాహెబు ఫాల్కే గారు. 1870లో నాసికు చెంత త్ర్యంబకమున జన్మించి, బొంబాయి జె.జె. చిత్రకళాశాలలోను బరోడా కళాభవనములోను చదివి, ఛాయాగ్రహణము, అచ్చుపని, ఇంద్రజాలము మొదలగు పలు విద్యలలో చేయి పెట్టిరి. 1911లో క్రీస్తు చరిత్ర చిత్రమును బొంబాయిలో చూచి, మన కృష్ణుడును ఇట్లు తెరమీదికి రాడా యని తపించిరి. అప్పటికి వారి వయస్సు నలువది దాటినది. 1912లో తమ జీవితబీమా పత్రమును కుదువబెట్టి అప్పు తెచ్చి లండను చేరిరి. అచట వాల్టనను చోట సెసిల్ హెప్‌వర్త్ అను ప్రసిద్ధ నిర్మాత నడుపుచున్న స్టూడియోలో కొలది దినములు పని చూచి, విలియంసన్ కెమేరా యొకటి కొని, ఆ వేసవికే స్వదేశము చేరిరి. గురువు వలన లభించునది వారికి లభించినది అంతియే. మిగిలినది స్వబుద్ధితో సంపాదించుకొనవలసి వచ్చెను.

అదెట్లు సంపాదించిరో వినుడు. పూర్తి చిత్రము తీయుటకు చేతిలో సొమ్ము లేదు; మాటను నమ్మి యిచ్చువాడు లేడు. అంతట ఒక కుండీలో బఠాణీ గింజ నాటి, కెమేరాను కదలకుండ ఎదుట నిలిపి, దినమునకొక చిత్రము చొప్పున నెలకు పైగా తీసిరి. ఆ చిత్రములను వరుసగ ఆడించినపుడు మొలక మన్ను చీల్చుకొని లేచి, ఆకులు విప్పి, తీగ సాగి, ఒక్క నిమిషములో మొక్కయై నిలిచెను. దానిని చూచిన షాహుకారు ధనమియ్య నంగీకరించెను. బొమ్మను కదలించి చిత్రము తీయుట, మరల కదలించి మరల తీయుట అను నేటి యానిమేషను విద్యకు మన దేశమున విత్తనము ఆ బఠాణీ గింజయే యని చెప్పదగును. 1915లో వారే అగ్గిపుల్లలు తమంతట తాము కదలి ఆటలాడునట్లు మరియొక చిన్న చిత్రము తీసిరి.

1913 మే 3వ తేదీన రాజా హరిశ్చంద్ర చిత్రము బొంబాయిలో ప్రజల యెదుటికి వచ్చెను. దాని వెనుక సరస్వతీబాయి యను ఇల్లాలున్నది. ఆమె ముడిఫిల్మునకు రంధ్రములు పొడుచుట నేర్చెను. మందులు కలుపుట నేర్చెను. ఎండలో తెల్లని దుప్పటి పట్టి నిలిచి నటులమీద వెలుతురు మరల్చెను. పనివారికందరికి వండి వడ్డించెను. ఆమె నగలును ఆ చిత్రమునకే పోయినవి. ఫాల్కే గారికి సహపాఠి యెవరని యడిగినచో ఆమెయే యని నా సమాధానము.

ఫాల్కే చిత్రములు దక్షిణదేశమునకు వచ్చినపుడు వానిని చూచి ముగ్ధులైనవారిలో నటరాజ మొదలియారు గారొకరు. 1885లో వేలూరున జన్మించిరి. వేలూరు మా చిత్తూరు సీమకు పొరుగు. చెన్నపట్టణమున మోటారుబండ్ల సామగ్రి వర్తకము చేయుచు సుఖముగ నున్నవారు. వారు లండను పోలేదు. లార్డు కర్జనును గూర్చి చిత్రము తీయుటకై వచ్చిన స్టువర్టు స్మిత్ అను ఆంగ్ల ఛాయాగ్రాహకుడు పూనాలో నుండగా అచ్చటికి పోయి కొలది దినములు శిష్యరికము చేసిరి. ఆనాటి కెమేరాను చేతితోనే త్రిప్పవలయును. సెకండునకు రెండు చుట్లు త్రిప్పిన పదునారు చిత్రములు పడును. చేయి వేగమైనచో తెరమీది మనుష్యుడు బరువు మోయు ఎద్దువలె మందముగ నడచును. చేయి మందమైనచో కోతివలె గంతులు వేయును. సంగీతమున తాళమెట్టిదో ఈ విద్యలో ఆ చేతిపట్టు అట్టిది. గ్రంథము చదివి తెలిసికొన వీలులేనిది. గురువు చేయి చూచి, తన చేయి త్రిప్పి, తప్పి, మరల త్రిప్పి నేర్వవలసినది.

పిదప మొదలియారు గారు చెన్నపట్టణమున కీల్పాకమునందు స్టూడియో నెలకొల్పి 1917-18 ప్రాంతమున కీచకవధ తీసిరి. దక్షిణదేశపు తొలి కథాచిత్రమదియే. చెన్నపట్టణపు ఉక్కకు ఫిల్ముమీది పూత మెత్తబడి చెడిపోవును. అందుచేత చల్లని బెంగుళూరున ఫిల్ము కడుగు ఏర్పాటు చేసికొని, వారము వారము రైలెక్కి పోయి వచ్చుచుండిరి. ఈ పాఠమును శీతలదేశపు గురువు చెప్పజాలడు. మన యెండ చెప్పవలసినదే. కాలక్రమమున వచ్చు పాతిక యనగా నిదియే. కాని ఆ స్టూడియో అగ్నిపాలయ్యెను, పుత్రశోకమును సంభవించెను. 1923 ప్రాంతమున వారు చిత్రనిర్మాణమును పూర్తిగ విడిచిరి. తరువాత 1971 వరకు జీవించియు మరల ఆ వంక చూడలేదు.

ఇక తెలుగువారి కథ. రఘుపతి వెంకయ్య గారు 1869లో మచిలీపట్టణమున జన్మించి, చెన్నపట్టణము చేరి ఛాయాచిత్రశాల నడిపిరి. చిత్రమును చూపుచు జతగ ధ్వనిని వినిపించు క్రోనోమెగఫోను అను యంత్రమును 1910 ప్రాంతమున ముప్పదివేల రూపాయలకు కొనిరి. ఆనాడు ముప్పదివేలనగా నెంత సొమ్మో శ్రోతలే యూహింపవచ్చును. ఛాయాచిత్రశాలను కుదువబెట్టి ఆ సొమ్ము కూర్చిరి. విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శించి, పిదప ఆ యంత్రముతో తెలుగు పట్టణములును బర్మా సింహళములును తిరిగి వచ్చిరి. 1914లో గెయిటీ, తరువాత క్రౌను, గ్లోబు అను చిత్రశాలలు చెన్నపట్టణమున కట్టిరి. అంతటితో నిలిచినచో ధనవంతులుగనే కాలము గడపియుందురు. కాని ఇతరులు తీసినది చూపుటతో వారికి తృప్తి కలుగలేదు. మన కథను మన చేతితో తీయవలెనని తలచి, కుమారుడు సూర్యప్రకాశును సముద్రము దాటించిరి.

ప్రకాశు 1901లో జన్మించెను. దేశము విడుచునాటికి ఇరువది యేండ్లు నిండీ నిండని బాలుడు. లండను చెంత ఈలింగున బార్కరు కంపెనీలో చలనచిత్ర ఛాయాగ్రహణము నేర్చెను. జర్మనీ, ఇటలీ, అమెరికా దేశముల స్టూడియోలు చూచెను. ఫాల్కే గారు వెళ్లినపుడు నడివయస్సు. మొదలియారు గారు వెళ్లినపుడు వర్తకమున స్థిరపడినవారు. వేరొక వృత్తిలో కుదురుకొనక పూర్వమే, ఈ విద్యకొరకే దేశాంతరము పోయి అభ్యసించినవాడు ప్రకాశు. అందుచేత చలనచిత్రవిద్యకు తొలి తెలుగు విద్యార్థి యను పేరు అతనికి చెల్లును.

తిరిగివచ్చిన పిదప తండ్రికొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అను కంపెనీ స్థాపించిరి. వారి స్టూడియోకు గ్లాసు స్టూడియో యని పేరు. ఆ కాలమున దీపములకంటె సూర్యుడే చౌక. గాజు పైకప్పుగుండ వచ్చు వెలుతురులో చిత్రము తీయుట అన్ని దేశములలోను వాడుక. 1921-22 ప్రాంతమున భీష్మప్రతిజ్ఞ తయారయ్యెను. దర్శకుడు ప్రకాశు, భీష్ముడును ప్రకాశే. గంగ వేషము పెగ్గీ కాస్టెల్లో అను యువతి ధరించెను. మన స్త్రీలు కెమేరా యెదుటికి వచ్చుటకు జంకుచుండిన కాలమది. ఆ కథ నేల యెన్నుకొనిరో గాని, దానిని తలచినపుడెల్ల నాకొక సంగతి తోచును. భీష్ముడు తండ్రి సుఖముకొరకు రాజ్యము విడిచిన కుమారుడు. ఇచ్చట కుమారుని విద్యకొరకు తండ్రియే తన రాజ్యము విడిచెను. కంపెనీ నిలువలేదు. అప్పులు పెరిగినవి, కట్టిన చిత్రశాలలు చేజారినవి. 1941లో వెంకయ్య గారు గతించిరి. వారి పేర 1980లో ప్రభుత్వము పురస్కారమును నెలకొల్పినది. దానిని పొందుట తెలుగు చిత్రపరిశ్రమలో గొప్ప గౌరవము.

మరి ఆ విద్యకు పెట్టిన సొమ్ము నిష్ఫలమయ్యెనా? కాలేదని చెప్పుటకు సాక్ష్యము గలదు. భీష్మప్రతిజ్ఞకు సహాయకుడుగ పనిచేసిన కాకినాడ యువకుడొకడుండెను. ఆయనయే చిత్తజల్లు పుల్లయ్య గారు. ప్రకాశు ఈలింగున నేర్చినది పుల్లయ్య గారు చెన్నపట్టణమున నేర్చిరి. పిదప కాకినాడకు మరలి, తమ యింటనే మార్కండేయ కథను మూగచిత్రముగ తీసిరి. మాటలు వచ్చిన పిదప 1933లో సతీసావిత్రి, 1934లో లవకుశ, 1936లో పిల్లలే నటించిన అనసూయ వారి చేతిమీదుగ వెలువడినవి. 1963లో తెలుగున పూర్తిగ రంగులలో వచ్చిన తొలి చిత్రమగు లవకుశను వారారంభింపగా కుమారులు సి.ఎస్. రావు గారు ముగించిరి. మా పాత జిల్లాకేంద్రమగు నెల్లూరినుండి పోయిన వై.వి. రావు గారును చెన్నపట్టణపు మూగచిత్రములలో నటించుచునే పని నేర్చి దర్శకులైరి. ప్రకాశు స్వయముగ 1929లో జనరల్ పిక్చర్సు వారికి కోవలన్ మొదలగు చిత్రములు తీసి, 1956లో గతించెను. ఒక తండ్రి చెల్లించిన శుల్కముతో ఎందరు చదువుకొనిరో చూడుడు. ఆ లెక్క వెంకయ్య గారి చిట్టాలో నష్టముగ నున్నది; తెలుగువారి చిట్టాలో లాభముగ నున్నది.

ఫాల్కే గారి బఠాణీ గింజ ఏమైనదని శ్రోతలడుగవచ్చును. అది మొలకెత్తుటకు చాలకాలము పట్టినది. 1956లో బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజనువారి కార్టూను చిత్రశాఖకు క్లేర్ వీక్స్ అను అమెరికా చిత్రకారుడు గురువుగ వచ్చెను. డిస్నీ సంస్థలో బాంబి వంటి చిత్రములకు పనిచేసినవాడు. అతని శిష్యులలో, చెన్నపట్టణమున చదివి వచ్చిన రామమోహన్ అను యువకుడొకడు. 1957లో ఆ శాఖవారు జాతక కథ నొకదానిని రంగుల బొమ్మలచిత్రముగ తీసిరి. రామమోహన్ గారు అటుపై అరువదేండ్లు ఆ విద్యనే నమ్ముకొని, పలువురకు నేర్పి, 2014లో పద్మశ్రీ పొంది, 2019లో గతించిరి.

ఈ విద్యకు గణితము చిన్నది, శ్రమ పెద్దది. తెరమీద ఒక సెకండునకు 24 చిత్రములు పోవలయును. నిమిషమునకు 1440. ఒక్కొక్క బొమ్మను రెండేసి చిత్రములకు వాడుకొన్నను నిమిషమునకు 720 బొమ్మలు గీయవలయును. ప్రధానచిత్రకారుడు ముఖ్యమైన భంగిమలు గీయును. శిష్యులు ఆ రెంటి నడుమ వచ్చు బొమ్మలను పూరింతురు. నేడు కాగితమునకు బదులు కంప్యూటరు వచ్చినను లెక్క మారలేదు. తెలుగున 2006లో కిట్టు అను పూర్తినిడివి బొమ్మలచిత్రము వెలువడి జాతీయ పురస్కారము పొందెను. 2012లో వచ్చిన ఈగ చిత్రమున కథానాయకుడైన ఈగ హైదరాబాదు చిత్రకారుల కంప్యూటరులలో పుట్టినది; దానికిని జాతీయ పురస్కారము వచ్చెను.

మా యూరి పిల్లలకు ఈ విద్యమీద మక్కువ కలుగుటకు రెండు ప్రత్యేక కారణములు గలవు. మొదటిది శ్రీహరికోట. 1971 నుండి అచ్చట రాకెట్టు ప్రయోగములు జరుగుచున్నవి. మా పిల్లలు మిద్దెలెక్కి చూతురు. పులికాటు సరస్సునకు ఆవల వెలుగు లేచి, కొన్ని నిమిషములలో కన్నులకు మరుగగును. తరువాత రాకెట్టు ఏమైనదో తెలియవలెననిన ఇంటిలోనికి పోయి దూరదర్శనమున కదలు బొమ్మలను చూడవలసినదే. కంటికి కనబడని దానిని బొమ్మ చూపునని మా పిల్లలకు వేరుగ బోధింపనక్కరలేదు. రెండవది 2019 ఆగస్టులో మా యూర వెలసిన వి ఎపిక్ అను చిత్రశాల. దాని తెర వెడల్పు నూరడుగులకు పైబడినది. చెన్నపట్టణము నుండియు జనులు వచ్చి చూచి పోవుదురు. అంత తెర యెదుట కూర్చుండిన బాలునకు, ఆ తెరమీది బొమ్మ చేసినదెవరని తోచుట సహజము.

నాలుగేండ్ల క్రిందట ఒక రైతు మా యింటికి వచ్చెను. అతని కుమారుడు నా యొద్ద తెలుగు చదివినవాడు. నోటుపుస్తకపు పుటల మూలలలో వరుసగ నొక కొంగను గీసి, బొటనవ్రేలితో పుటలు జారవిడిచి దాని నెగిరించుచుండగా తరగతిలో నేనే పట్టుకొంటిని. రైతు అరుగుమీద కూర్చుండి యిట్లనెను: "అయ్యవారూ, బొమ్మలు కదిలించేదానికి కూడా చదువుందంట. హైదరాబాదులో నాలుగేండ్లు చదవాలంట. ఏటికింది కయ్య అమ్మమంటాడు. మీరు వద్దంటే మానుకుంటాడు. ఏం చెప్పేది?"

కయ్య యనగా మా సీమలో వరిమడి. అది అతని తండ్రి సంపాదించి యిచ్చినది. వెంకయ్య గారి చిత్రశాలలు నా కన్నుల యెదుట నిలిచినవి. ఆ మడిలో పండునంత పంట ఆ చదువులో పండునని పూచీ యియ్యజాలను. వద్దని యొక్క మాటతో త్రోయుటయు న్యాయముగ తోపలేదు. "కయ్య మాట తరువాత చూచుకొందము నాయనా. ముందు వానిని ఒక అనపగింజ నాటమను" అని చెప్పి, ఫాల్కే గారి కథ వినిపించితిని.

పిల్లవాడు పగిలిన కుండలో మన్ను పోసి అనపగింజ నాటెను. సెల్‌ఫోనును ఇటుకలమీద కదలకుండ కట్టెను. గంటకొక చిత్రము చొప్పున పగలు పండ్రెండు. మొదటి అయిదు దినముల పని వ్యర్థమయ్యెను. కిటికీ వెలుతురు గంటగంటకు మారుటచే చిత్రములు మినుకుమినుకుమని కొట్టుకొనెను. కిటికీ మూసి, ఒకే దీపము పెట్టి, కొత్త గింజతో మరల నారంభించెను. తల్లి యిల్లూడ్చునపుడు కుండ కదలినదని గొడవ. అటుపై ఆమె కుండ చుట్టును తప్పించి ఊడ్చినది. వాడు లేని వేళలలో ఫోను బొత్తాము నొక్కినదియు ఆమెయే. ఇరువది దినములకు 240 చిత్రములైనవి. అనగా పది సెకండ్లు.

తండ్రి ఆ పది సెకండ్లను మూడు మారులు చూచెను. పిదప నాతో చెప్పిన మాట నేను మరువలేదు. "విత్తు మొలిచిండేది నలభై ఏండ్లుగా చూస్తా ఉండాను అయ్యవారూ. మొలిచేటప్పుడు మాత్రం ఈ పొద్దే చూసినా." కయ్య నమ్మలేదు. కౌలునకిచ్చిరి; చాలని సొమ్ము బ్యాంకులో విద్యాఋణముగ తెచ్చిరి.

చేరిన రెండు మాసములకు పిల్లవాడు ఫోనులో మొరపెట్టుకొనెను. కంప్యూటరు ముట్టనీయలేదట, నెల దినములుగ ఎగిరిపడు బంతిని పెన్సిలుతో గీయించుచున్నారట. బంతి పైకి పోవుకొలది మందగించును గనుక అచ్చట బొమ్మలు దగ్గరదగ్గరగ నుండవలెను. క్రిందికి వచ్చుకొలది వేగము హెచ్చును గనుక దూరదూరముగ నుండవలెను. నేల తాకిన క్షణమున కొంచెము నొక్కుకొనవలెను. ఈ మూడును కుదిరినగాని బంతికి బరువు రాదు. నేను వానికి రామశబ్దమును జ్ఞప్తికి తెచ్చితిని. మా గురువుగారు ఆరు మాసములు శబ్దములే వల్లింపించిరి, కావ్యము ముట్టనీయలేదు. అది యెందుకో రఘువంశము చేత పట్టిన నాడు తెలిసినది. నీ బంతియు నీకు రామశబ్దమే యని చెప్పితిని.

రెండవ యేట ఆవు నడకను గీయు పాఠము వచ్చెను. వాడు గీసిన ఆవు నడచుటకు బదులు తూగుచుండెను. సెలవులకు వచ్చినపుడు దానిని చూచిన తండ్రి నవ్వి, కొడుకును గట్టుమీద కూర్చుండబెట్టి తన యావును నడిపించి చూపెను. వెనుక ఎడమకాలు, ముందు ఎడమకాలు, వెనుక కుడికాలు, ముందు కుడికాలు. ఇదియే దాని వరుస. దినమును ఆవు వెంట నడచువానికి తెలియక మరెవరికి తెలియును? సొమ్ము చెల్లించువాడే ఆ పూట గురువును అయ్యెను.

ఇప్పుడు వాడు చివరి సంవత్సరమున నున్నాడు. పని దొరకునో దొరకదో నేను చెప్పజాలను. ఈ వృత్తిలో చిత్రము ముగియగానే పని ముగియును. విదేశపు కంపెనీలు పనులిచ్చిననాడు చేతినిండ పని, ఈయనినాడు ఖాళీ. నడిమి బొమ్మలను యంత్రమే గీయు కాలమును వచ్చుచున్నది. అయినను యంత్రము గీసిన ఆవు తూగుచున్నదో నడచుచున్నదో చెప్పుటకు ఆవును చూచిన కన్ను కావలయును. ఆ కన్ను వానికి కలిగినదని మాత్రము చెప్పగలను. కయ్య నేటికిని కౌలులోనే యున్నది.

తల్లిదండ్రులకు నా మనవి యొకటి. బిడ్డ ఇట్టి కొత్త విద్య కోరినపుడు వెంటనే వలదనకుడు. వెంటనే ఆస్తి అమ్మకుడు. మొదట పది సెకండ్ల పని చేసి చూపుమనుడు. ఆ పదిసెకండ్లకు ఇరువది దినములు కూర్చుండగలిగినవాడు ఆ విద్యకు తగినవాడు. విసిగి లేచినవానికి వేరొక విద్య గలదు. అందు చిన్నతనము లేదు.

చిత్రము ముగిసిన పిదప తెరమీద పనివారి పేర్లు పెద్ద పట్టికగ నడచును. ఆ వేళకు మనలో పెక్కుమంది లేచి పోవుచుందుము. ఆ పట్టికలో దర్శకుడుండును, ఛాయాగ్రాహకుడుండును, నడిమి బొమ్మలు గీసిన పిల్లలును ఉందురు. దుప్పటి పట్టి యెండలో నిలిచిన యిల్లాలి పేరు, చిత్రశాల పోగొట్టుకొన్న తండ్రి పేరు, కౌలునకు పోయిన కయ్య పేరు ఆ పట్టికలో నుండవు. వానిని చరిత్ర వ్రాయువారు వ్రాసియుంచవలెను.